దుర్గం మెట్ల మీద నాలుగు పెట్టెలు

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఏడాది, కార్తీకం వానలు వెలిసిన తరువాత జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను ఉదయగిరి బంగళాలో మోత మేస్త్రీని. కాగితాల్లో మేస్త్రీ మా ఆయన. ఆయన నడుము పడిపోయిన నాటి నుంచి పని నాది, వేలిముద్ర ఆయనది. నేను మూడో తరగతి దాకా చదివాను, సంతకం పెట్టగలను. ఎవరూ అడగలేదు.

బంగళాకు వచ్చే అధికారుల సామాను, వేటకు వచ్చే దొరల సామాను తూచి, మనిషికి ఇంత అని పంచి, దుర్గం కొండ ఎక్కించి, మళ్ళీ దించి ఏదీ పోకుండా అప్పగించడం మోత మేస్త్రీ పని. నా కింద ఎనిమిది మంది ఆడవాళ్ళు. నేల మీద మనిషికి మూడు మణుగులు, మెట్ల మీద రెండు. మణుగంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి వాళ్ళు పదకొండు కిలోలు అనుకోవచ్చు.

నా దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. కాలు జారితే తలమీది బరువు వదిలేసి మనిషి పక్కకు దూకాలి. మూట పగిలితే ఎత్తుకుంటాం, నడుము విరిగితే ఎవరు ఎత్తుతారు? గాజు సామానుకు మాత్రం ఇది చెల్లదు. గాజును వదలకూడదు. అందుకని గాజు మోసే మనిషిని నేనే ఏరి పెట్టేదాన్ని. రెండో కట్టుబాటు, పెట్టెలో ఏముందో అడగకూడదు. అడిగినవాళ్ళ మీదే రేపు దొంగతనం మోపుతారు. ఈ మాట తప్పినందుకు ఒకామెను వారం రోజులు పనికి రానివ్వలేదు.

ఆ మార్గశిరంలో మద్రాసు నుంచి ఒక దొర వేటకని ఆత్మకూరు మీదుగా జీపులో వచ్చాడు. వెంట తెలుగు తెలిసిన బట్లరు. జీపులోంచి నాలుగు పెట్టెలు దిగాయి. ఇనుప ట్రంకు, తోలు పెట్టె, బెత్తం పెట్టె, అడుగున తోలు కుట్టిన కాన్వాసు సంచి. అన్నిటికీ తాళాలు. బట్లరు వాటిని చూపిస్తూ, "మేస్త్రమ్మా, లోపల అద్దాల సామాను ఉండాది. దూరం చూసే అద్దాలు, ఫోటో పెట్టెలు. మీ ప్రాణం పోయినా పరవాలా, ఇవి మాత్రం పడగూడదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు రుచించదు.

వసారాలో కొక్కేనికి తగిలించి తూచాను. కాన్వాసు సంచి మణుగుంపావు. బెత్తం పెట్టె కొంచెం ఎక్కువ. తోలుది మణుగున్నర దాటింది. ట్రంకు రెండు మణుగుల మీద ఇంకా మొగ్గింది. మెట్ల లెక్క కాస్త మించినా, దాన్ని మా తోడికోడలు లక్ష్మమ్మకు ఇచ్చాను. నా చిన్న మరిది భార్య. ఏళ్ళ తరబడి మోసినా ఒక్క కుండ పగలగొట్టని మనిషి. గాజంటే ఆమెకే ఇచ్చేదాన్ని. ఆమె నెత్తిన చుట్టకుదురు సర్దుకుంటూ, "ఏందక్కా ఈ బరువు? దొరసానమ్మను మడతపెట్టినారేమో, ఊపిరాడతాందో లేదో అడుగు" అంది. అందరూ నవ్వారు. "నోరు మూసుకోని ఎత్తుమే" అన్నాను.

తలకెత్తేటప్పుడే నా చేతికి అనుమానం తగిలింది. పెట్టెను వంచితే లోపల సామాను తన జాతి చెబుతుంది. బట్టలు కదలవు. గాజు ఎంత గుడ్డ చుట్టినా కీచుమంటుంది. తూటాలు ఒక పక్కకు దొర్లుతాయి. ఈ నాలుగు పెట్టెల్లోనూ ఏదో గింజల మాదిరి నిదానంగా జారి ఆగింది. దొర జొన్నలు మోయిస్తాడా అనుకున్నాను. అడగలేదు. కట్టుబాటు నాదే కదా.

మూడు రోజులు పొద్దున ఎక్కించాం, మధ్యాహ్నం దించాం. వేటకు వచ్చిన మనిషి భుజాన తగిలించుకున్న తుపాకీ సంచి విప్పలేదు. పైకి పోగానే నాలుగు పెట్టెల చుట్టూ తిరిగి, మూలలు తడిమి, కుట్లు లాగి చూసి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. దొరలకు ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి. అంతకు మించి ఆలోచించలేదు.

మూడో రోజు తెల్లవారి తుంపర పడింది. దిగేటప్పుడు కోట గుమ్మం కింద విరిగిన మెట్టు దగ్గర లక్ష్మమ్మ కాలు జారింది. నేను నాలుగు మెట్లు పైన ఉన్నాను, అంతా కళ్ళారా చూశాను. వదిలి పక్కకు దూకడానికి చోటుంది. దూకలేదు. రెండు చేతులతో ట్రంకును పట్టుకునే కూలబడింది. చేతులు జారి పెట్టె రాతి మీదికి పోతుంటే ఎడమ పాదం అడ్డం పెట్టింది. ట్రంకు మూల ఆ పాదం మీద దిగింది.

నేను పరుగున దిగి, "పెట్టె పగిలిందా?" అన్నాను.

అదే నా నోట వచ్చిన మొదటి మాట. లక్ష్మమ్మ నన్ను చూసింది. "లేదక్కా, ఆపినాను" అంది. అప్పుడు చూశాను పాదాన్ని. రెండు వేళ్ళు వేళ్ళలా లేవు.

వెనకనుంచి దొర దిగి వచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీసి ట్రంకు మూత ఎత్తాడు. అద్దాలు ఎన్ని ముక్కలయ్యాయో అని నేను తొంగిచూశాను. మూత లేచింది. లోపల పలచని గోతం, దాని నిండా ఇసుక. మా ఎర్రమట్టి కాదు, ఆత్మకూరు దగ్గర పెన్నలో దొరికే తెల్లని బరక ఇసుక.

లక్ష్మమ్మే ముందుగా అంది: "ఇసకా అక్కా? జొన్నలన్నా కాదా?" ఆమె తలకూ జొన్నల్లాగే తగిలినట్టుంది.

దొర పుస్తకం తీసి ఏదో రాశాడు. ఏం రాస్తున్నాడయ్యా అని బట్లరును అడిగాను. అతను తల వంచుకుని, "ట్రంకు మూల సొట్టపడింది, మూత బిగువు చెడలేదు, అని" అన్నాడు. "కాలు సంగతి?" అన్నాను. బట్లరు వంగి ట్రంకు మూత మూశాడు.

దొర దుర్మార్గుడు కాడు. పుస్తకం మూశాక లక్ష్మమ్మ ముఖం చూసి అతనూ తెల్లబోయాడు. డోలీ కట్టించి కిందికి దింపించి, తన జీపులోనే ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఖర్చు తనే పెట్టుకున్నాడు. రెండు వేళ్ళు తీసేశారు.

మరునాడు బట్లరు అసలు సంగతి చెప్పాడు. దొర వేసవిలో ఆఫ్రికా దేశానికి వేటకు పోతున్నాడు. విమానంలో సామాను ఇంత తూకమే అని హద్దు. పెట్టె తేలికగా ఉండాలి, కొండలూ అడవులూ తిరిగినా పగలకూడదు. అందుకని నాలుగింటిలో సరిగ్గా మణుగు చొప్పున ఇసుక పోసి మా తలల మీద పరీక్ష పెట్టాడు. "మరి అద్దాలని ఎందుకు చెప్పినావయ్యా?" అంటే, "ఇసకని చెబితే ఇసక మాదిరే మోస్తారు గదా మేస్త్రమ్మా. అద్దాలు మోసినట్టు మోస్తేనే పరీక్ష అన్నాడు దొర" అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను. అందుకే ఇంకా ఎక్కువ మండింది.

పోయే ముందు దొర, నాలుగింటిలో ఏది మంచిదో నన్ను అడగమన్నాడట. ఊరుకుందామనుకున్నాను. కానీ అడిగింది నా పని గురించి. చెప్పాను. ట్రంకు తీసుకుపోతే సగం మోత ఇనుమే. తోలు వానకు నాని బరువెక్కుతుంది, ఆరాక బిర్రబిగుస్తుంది. బెత్తం తేలికే, మూడో రోజుకే దాని మూల పుల్లలు లేచాయి, తలలు గీరుకున్నాయి. కాన్వాసు సంచే మేలు, అడుగున తోలు ఉంది కనుక రాతికి అరగదు. కానీ దానికి పట్టు ఒక్క పక్కే ఉంది. రెండు పక్కలా వెడల్పు పట్టీలు కుట్టించాలి, అప్పుడు జారితే ఇంకొకరు అందుకోగలరు. బట్లరు అంతా చెప్పాడు, దొర అంతా రాసుకున్నాడు.

"ఇంకొక మాట చెప్పు," అన్నాను. "ఆ దేశంలో మోసేవోళ్ళకి లోపల ఏముండాదో ముందే చెప్పమను."

బట్లరు నసిగాడు. "అదెట్టా చెప్పేది మేస్త్రమ్మా? నా ఉద్యోగం ఉండాది గదా."

నేను ట్రంకులోని గోతం లాగి వసారాలో దొర బూట్ల ముందు కుమ్మరించాను. దొర ఇసుకను చూశాడు, నన్ను చూశాడు. పుస్తకం తెరవలేదు. టోపీ తీసి నిలబడ్డాడు. అర్థమైందో లేదో నాకు తెలియదు.

ఇసుకను పారబోయలేదు. జల్లించి బంగళా వంటింట్లో నీళ్ళ కుండల కింద పోశాను. ట్రంకును దొర వదిలిపోయాడు. సొట్ట మూలకు గుడ్డ కుక్కి ఇప్పటికీ కొర్రలు పోసుకుంటున్నాను. లక్ష్మమ్మ మళ్ళీ తలకు బరువెత్తలేదు, బంగళా వంటపనికి మారింది.

నా రెండో కట్టుబాటును తిప్పి రాశాను. మూత తీసి చూపించనిదే ఎత్తం. ఒక అధికారి ససేమిరా అన్నాడు. ఆయన పెట్టె మధ్యాహ్నం దాకా వసారాలోనే ఉంది. చివరికి తెరిస్తే ఊరగాయ జాడీలు. ఆ తరువాత పని మానేదాకా చూడకుండా ఒక్క పెట్టె ఎత్తించలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఇంకొక మాట కూడా నేర్పేదాన్ని. పెట్టె పడితే ముందు పాదం చూడాలి, తరువాతే పెట్టె. ఆ రోజు నేను పెట్టెనే చూశాను. దొర రాసుకున్నాడు, నేను నోటితో అన్నాను, అంతే తేడా.