వీరాయమ్మ పిండిమరకు భూమిలోంచి కరెంటు

తొంభై ఆరు నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూడా నేలకొరిగాయి. వీరాయమ్మ పిండిమరకు వెళ్లే తీగ మీద ఒక చెట్టు అడ్డంగా పడి, తోటలో ఉన్న స్తంభాలను కూడా తనతో పాటే పడుకోబెట్టింది.

భర్త పోయిన దగ్గర్నుంచీ ఆ మరే వీరాయమ్మకు బతుకుతెరువు. అమలాపురం నుంచి కొత్తపేట వెళ్లే దారిలో, రోడ్డు మీద నిలబడితే కనిపించకుండా, తోట వెనకాల ఉంటుంది. తుపాను తర్వాత ఆవిడ ఒక ఆయిలింజను కిరాయికి తెచ్చి మర నడిపింది. పిండికి పొగ వాసన పట్టేది.

"వీరాయమ్మగారూ, మీ పిండితో జంతికలేసి పెడితే, నమిలినంతసేపూ బస్సెక్కినట్టే ఉందన్నారండీ మా ఆయన" అని ఒకావిడ మొహం మీదే అనేసింది.

కరెంటాఫీసు వాళ్లు కొత్త స్తంభాలు వేస్తామన్నారు. వీరాయమ్మకు మనసొప్పలేదు. స్తంభాలు కొత్తవైతే మాత్రం, చెట్లు పాతవే కదా. మట్ట రాలినప్పుడల్లా తీగ తెగుతూనే ఉంటుంది. అప్పుడు ఆవిడకు బాబ్జీ గుర్తొచ్చాడు.

బాబ్జీది ఆ ఊరే. అమలాపురంలో మోటార్లు చుట్టే కొట్లో పని నేర్చుకుని, మస్కట్ వెళ్లి, అక్కడ భూమిలో పైపులు పరిచి వాటిలోంచి కరెంటు కేబుళ్లు లాగే పనిలో కొన్నేళ్లున్నాడు. తిరిగొచ్చాక, "మళ్లీ వెళ్తానంటే పెట్టె నువ్వే సర్దుకో, నేను ముట్టుకోను" అని భార్య కుసుమ తెగేసి చెప్పింది. సరేనని ఉండిపోయాడు. కానీ ఇక్కడ ఫ్యూజులు వేయడం, ఫ్యాన్లు బిగించడం తప్ప, చేతికొచ్చిన ఆ పెద్ద పని అడిగిన నాథుడు లేడు. ఫ్యాను బిగిస్తూనే మస్కట్ కబుర్లు చెప్పి ఆ లోటు తీర్చుకునేవాడు.

"ఒరే బాబ్జీ, అరబ్బులకి భూమిలోంచి కరెంటిచ్చేవంట. నాకియ్యవూ?" అంది వీరాయమ్మ.

"ఆయ్, ఎందుకివ్వనండీ పిన్నిగారూ! తీగ మీకూ కనబడదు, చెట్టుకీ కనబడదు. ఇంకేం పడుద్దండీ దాని మీద?"

ఆ మాట నమ్మి ఆవిడ స్తంభాలు వద్దనేసింది.

కరెంటాఫీసులో ఏఈ మురళీమోహన్ గారు నిదానస్తుడు. కాదనలేదు గానీ, తమ పద్ధతి ఏమిటో ఒక్కొక్కటే చెప్పారు. కందకం నడుం లోతుండాలి. అడుగున ఇసుక పరిచి, దాని మీద ప్లాస్టిక్ పైపు పెట్టి, పైన మళ్లీ ఇసుక పోసి, ఇటుకలు పేర్చాలి. రేపెవరైనా పలుగు వేస్తే ముందు ఇటుక తగలాలి. మలుపు దగ్గర పైపు పెద్ద ఒంపుతో తిరగాలే గానీ మోచేయిలా ముడుచుకోకూడదు. కేబులు లాగడానికి ముందే లోపల ఇనుప తీగ ఉంచాలి. తాను చూడకుండా పూడ్చకూడదు.

అవన్నీ బాబ్జీకి కొట్టిన పిండే. ఒంపు కోసం పైపు నిండా ఇసుక కూరి, కొబ్బరిచిప్పల నిప్పు మీద మెల్లగా తిప్పుతూ కాచి వంచాడు. చుట్టూ చేరినవాళ్లు వింతగా చూస్తుంటే వాడి చేతులు ఇంకాస్త వయ్యారంగా తిరిగాయి.

ఇబ్బంది ఒక్కచోటే వచ్చింది. తోట మధ్యలో నీరు పారే బోదె ఉంది. ఆ పక్కనే కొబ్బరికాయల బళ్లు వెళ్లే బాట. అక్కడ తవ్వుతుంటే నీరు ఊరి, అడుగంతా జావలా అయిపోయింది. పోసిన ఇసుక పోసినట్టే బురదలోకి దిగిపోయేది. మస్కట్‌లో ఎంత తవ్వినా పొడి ఇసుకే. ఈ రోగానికి అక్కడ నేర్చుకున్న మందు లేదు.

ఇక్కడి మందు మాత్రం వాడికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. పశువుల పాకలో చిత్తడైతే కొబ్బరిడొక్కలు, అంటే కాయ ఒలిచిన పీచుతొక్కలు, వేస్తారు. వానాకాలం వాకిట్లో కాలు దిగబడితే డొక్కలే పరుస్తారు. వీరాయమ్మ మర పక్కన వాటి గుట్ట కొండంత ఉంది.

"తీసుకోరా, ఎన్ని కావాలంటే అన్ని" అంది ఆవిడ.

బోదె పక్కన బురద మీద డొక్కలు దట్టంగా పరిచి, ఎక్కి తొక్కి, దాని మీద ఇసుక పోస్తే చక్కగా నిలిచింది. ఏఈగారు వచ్చి చివరిదాకా నడిచి చూశారు.

"అడుగు గట్టిగా ఉందా బాబ్జీ గారూ?"

"రాయేనండీ."

అబద్ధం ఆడుతున్నానని వాడికి లేదు. తొక్కి చూసిన మాటే చెప్పాడు. పూడ్చేశారు.

కేబులు కోసం ఎదురుచూపు మొదలైంది. తుపాను తర్వాత అందరికీ అదే కావాలి. అది వచ్చేసరికి తొలకరి దాటి శ్రావణమాసం వచ్చింది. ఈలోగా బోదె పొంగింది, బళ్లు తిరిగాయి. ఇంజను యజమాని కబురు పెట్టాడు, దసరాకి తన ఇంజను తనకి కావాలని.

కేబులు లాగే రోజున ఊళ్లో సగం మంది తోటలోనే ఉన్నారు. సబ్బునీళ్లు రాసి, కొసను ఇనుప తీగకు కట్టి, ఆ చివర నలుగురు లాగారు. కేబులు బుద్ధిగా సగం దూరం వెళ్లి, బోదె దగ్గర ఆగిపోయింది. వెనక్కి తీసి మళ్లీ లాగారు. అక్కడే ఆగింది. మరీ బలంగా లాగితే తీగ తెగి చేతికొచ్చింది.

తవ్వారు. ఇటుకల వరుస ఊయలలా కిందికి వేలాడుతోంది. దాని కింద పైపు పొట్ట దిగి, అతుకు ఊడి, నోటి నిండా బురద. అడుగున డొక్కలు బండిబరువుకి అణిగి, అట్టుల్లా ఉన్నాయి.

కొబ్బరితాళ్లు పేనే పాపాయమ్మ వంగి, ఒక డొక్క తీసి, వేళ్లతో చీల్చింది. మెత్తగా విడిపోయింది.

"బాగా ఊరిందిరా బాబ్జీ! మేం పీచు తియ్యడానికి బోదెలో ఊరబెడతాం, నువ్వు పైపు కింద ఊరబెట్టేవు. తాడు పేనమంటావా?"

అందరూ గొల్లుమన్నారు. బాబ్జీ కూడా నవ్వబోయి, వీరాయమ్మ మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ నవ్వలేదు.

"ఏఈగారండీ, స్తంభాలు ఇంకా ఇస్తారాండీ?" అంది.

"ఇస్తామమ్మా. వారంలో వేయించేస్తాను."

కందకంలో మోకాళ్ల లోతు నీళ్లలో బాబ్జీ నిలబడి ఉన్నాడు. మస్కట్ గొప్పలన్నీ ఆ నీళ్లలోనే కరిగిపోయినట్టు అనిపించింది. పెట్టె సర్దుకోవడం ఒక్కటే మిగిలిందేమో అనుకున్నాడు.

మురళీమోహన్ గారు గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. "ఇప్పుడైతే ఏం చేస్తారండీ ఇక్కడ?"

"బురదంతా తోడేసి... కంకర దింపి, దిమ్మిసతో కొట్టాలండీ. ఆపైన ఇసుక. బళ్లెళ్లే మేర ఈ పైపుని ఇనప గొట్టంలోంచి పోనివ్వాలండీ. అప్పుడు బరువు గొట్టం మీద పడుద్ది, దీనిమీద పడదు."

"బాట కింద ఇనుప గొట్టం ఉండాలన్నది మా పద్ధతిలో ఉన్నదే" అన్నారాయన. "ఇటు బళ్లు తిరుగుతాయని మీరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎండాకాలంలో చూసి, గడ్డి మొలిచిన ఖాళీ అనుకున్నాను."

వీరాయమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "డొక్కలు నావేనండీ. తీసుకోమన్నదీ నేనే" అంది. తర్వాత బాబ్జీ వైపు తిరిగి, గొంతు పెంచింది. "ఇంజను ఎల్లిపోయేలోపు నా మర తిరగాలి. తిరక్కపోతే స్తంభాలే. నువ్వు మళ్లీ మస్కట్ అన్నావంటే మాత్రం..."

"అననండీ పిన్నిగారూ."

ఈసారి కంకర కాస్త పోయడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ పోయడం. వీరాయమ్మ పిండి చేతులతోనే వచ్చి, "ఇక్కడ ఇంకో నాలుగు దెబ్బలెయ్యి" అని వేలు చూపించేది. దెబ్బ పడేదాకా కదిలేది కాదు. పిండి ఆడించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా డబ్బాలు పక్కన పెట్టి, తలో మాట అనేవారు. కుసుమ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, మొగుడి అరచేతుల పొక్కులు చూసి, ముద్ద కలిపి పెట్టింది. పూడ్చకముందే ఏఈగారు మళ్లీ వచ్చారు. ఈసారి అడగలేదు, కందకంలోకి దిగి తనే తొక్కి చూసుకున్నారు.

బాట మేర ఇనుప గొట్టం వేసి పూడ్చాక, కేబులు సబ్బునీళ్ల మీద జారుతూ వెళ్లి, మర గోడ దగ్గర తల బయటపెట్టింది. మోటారు మీట వేస్తే మర తిరిగింది. ఇంజను దసరాకి రెండు రోజులుండగానే బండెక్కి వెళ్లిపోయింది.

బాబ్జీకి తర్వాత అలాంటి పనులు చాలా వచ్చాయి. రావులపాలెం, రాజోలు, మలికిపురం దాకా వెళ్లి చేసేవాడు. డొక్కల బాబ్జీ అంటేనే జనానికి ఆనవాలు. పిలిస్తే "ఆయ్" అని పలికేవాడు.

మరుసటి ఏడాది వానలు బాగా దంచి కొట్టాక, ఒకరోజు ఎవరూ పిలవకుండానే వీరాయమ్మ తోటలోకి వచ్చాడు. నిండా కాయలతో ఒక బండి బోదె దాటుతోంది. చక్రం బాట మీదికి ఎక్కినప్పుడు వాడు వంగి చూశాడు. చక్రం అవతలికి దిగింది. నేల అలాగే ఉంది.

మర గుమ్మంలోంచి వీరాయమ్మ కేకేసింది. "ఏరా, నేల చూసి పోడానికొచ్చేవా, పిండాడించుకోడానికొచ్చేవా?"

"పిండాడించుకోడానికేనండీ" అన్నాడు బాబ్జీ.

వాడి చేతిలో డబ్బా గానీ సంచి గానీ ఏమీ లేదు.