కొత్త మాల్ ఎదురుగా మా చీరల కొట్టు

పోర్ట్‌బ్లెయిర్ బజారులో మా నాన్నకి చీరల కొట్టు ఉండేది. ఆయన శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చి, మొదట భుజాన మూట వేసుకుని కాలనీల్లో తిరిగి చీరలమ్మాడు. తరవాత బజారులో రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ కట్టినప్పుడు అందులో రెండు షట్టర్ల కొట్టు తీసుకున్నాడు. అప్పట్లో ఊళ్ళో అంత పెద్ద దుకాణాల భవనం మరొకటి లేదు. దూరపు దీవుల నుంచి ఓడలో వచ్చినవాళ్ళు సామాను లాడ్జిలో పడేసి ముందు మా కాంప్లెక్స్‌కే వచ్చేవారు. మాల్ అనే మాట మాకు ఇంకా తెలియదు. తెలిశాక మాత్రం మాదే మాల్ అనుకున్నాం.

మేం ఇద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని. డిగ్రీ అయ్యాక ఇష్టపడే కొట్లో కూర్చున్నాను. మా ఆయనకి ఊళ్ళోనే గవర్నమెంటు ఉద్యోగం కావడంతో పెళ్ళయ్యాక కూడా అమ్మావాళ్ళతోనే ఉన్నాం, నేనా పని మానలేదు. తెల్లటి పరుపు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎదుటి మనిషి ఏ చీర దగ్గర చూపు ఆపిందో కనిపెట్టి దాన్నే మళ్ళీ విప్పి చూపించడం నాన్న నేర్పిన విద్య. చెల్లి నాకంటే చాలా చిన్నది. దానికి కొట్టు అంటే సెలవుల్లో వచ్చి సమోసాలు తినే చోటు.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున మేం షాదీపూర్‌లో మేడ మీది వాటాలో ఉన్నాం. భూమి ఊగుతుంటే గోడలు పట్టుకుని మెట్లు దిగాం. అమ్మ ఆ తరవాత ఆ మేడ ఎక్కలేదు. కింద వాటా దొరికేదాకా మా పిన్ని ఇంట్లోనే ఉండిపోయింది. కాంప్లెక్స్‌లో అల్మారాల్లోని చీరలన్నీ నేల మీద కుప్పగా పడ్డాయి, మెట్ల పక్క గోడ బీటలు వారింది. మా దాకా నీళ్ళు రాలేదు. సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి మాత్రం సముద్రం వచ్చింది. వచ్చింది వెనక్కి పోలేదు. అక్కడ నేలే కిందికి దిగిపోయిందన్నారు.

మేమంతా దీదీ అని పిలిచే మనిషి అక్కడిదే. బెంగాలీ ఆవిడ. కూరగాయల మళ్ళు, వక్కచెట్లు, పశువుల పాక అన్నీ ఉప్పునీళ్ళ కిందికి పోయాయి. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళిచ్చిన కుట్టుమిషన్ ఒక్కటి మిగిలింది. దాన్ని తోపుడుబండి మీద పెట్టించుకుని బజారులో కొట్టుకొట్టుకీ తిరుగుతూ, పని ఏమైనా ఉందా అని అడుగుతూ మా ముందుకొచ్చింది.

"ఫాల్ కుట్టడం వచ్చా? పీకో?" అని అడిగాడు నాన్న.

"ఆతా హై, బాబూజీ. నేర్చుకుంటా," అంది హిందీలో. వచ్చని ఒక మాట, నేర్చుకుంటానని ఇంకో మాట. నాన్న నవ్వాడు. "మెట్ల కింద జాగా కాళీగానే ఉంది దీదీ, అక్కడెట్టుకో," అన్నాడు. ఆ సాయంత్రమే బల్బు పెట్టించాడు.

ఆ తరవాతి సంవత్సరాల్లో ఊరు జనంతో నిండిపోయింది. కొత్త క్వార్టర్లు కట్టే కాంట్రాక్టర్లు, మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఇంజనీర్లు, వాళ్ళ కుటుంబాలు. కాంప్లెక్స్‌లో నడవడానికి దారి ఉండేది కాదు. దీదీ మా చీరలకి ఫాల్ కుడుతూ, మా ఆడవాళ్ళ మాటలు వింటూ తెలుగు నేర్చుకుంది. "అంచు బాగుంది, కలర్ పోదు, తీస్కోండి," అని మా తరఫున బేరం కూడా చేసేది.

అలాంటి రోజుల్లోనే రోడ్డుకి అవతలి పాత కలప డిపో జాగా చుట్టూ నీలం రేకులు పాతారు. నాలుగంతస్తులట, మెట్లు వాటంతటవే నడుస్తాయట, లోపలంతా ఏసీయట. మా కాంప్లెక్స్ వాళ్ళు వరండాలో నిలబడి ఆ రేకుల వైపే చూసేవారు. మా పక్క కొట్లో గాజు సామాను అమ్మే భయ్యాది ఒకటే మాట. "చార్ మంజిల్! భూకంపం వస్తే ఎటు పరిగెడతారు? ఎవరూ ఎక్కరు, చూడండి." మా అమ్మ లాంటివాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు కనుక ఆ మాట నిజమవుతుందనే అనుకున్నాం.

మాల్ తెరిచిన రోజు ఊరంతా ఎక్కింది. దూరాన ఫెరార్గంజ్ నుంచి కూడా బస్సుల్లో వచ్చారు. ముసలివాళ్ళని పిల్లలు చేతులు పట్టుకుని ఆ నడిచే మెట్లెక్కించారు. బయటికొచ్చిన ప్రతి ముఖం మీదా పండగే. నేనూ మూడో రోజున వెళ్ళాను. చల్లగా, శుభ్రంగా, మంచి వాసనగా ఉంది. వెలుతురు మెత్తగా బట్టల మీద పడుతోంది. ఏదీ కొనకుండా గంటసేపు తిరిగినా ఎవరూ ఏమీ అనలేదు. ఇంత బాగుంటుందని నేననుకోలేదు. ఎదురుగా మా కాంప్లెక్స్ చూస్తే, దాని పైకప్పు మీద నాచు మొదటిసారి కనిపించింది.

ఆ నెలలోనే చెల్లి డిగ్రీ పూర్తయింది. ఒకరోజు అన్నాల దగ్గర చెప్పింది.

"అక్కా, నాకు ఉద్యోగం వచ్చింది."

"ఎక్కడే?"

"ఎదురుగా."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మన కొట్టుకి ఎదురుగా నిలబడి బట్టలమ్ముతావా?" అన్నాను.

"చీరలు కాదక్కా, కుర్తీలు. నేను వెళ్ళకపోతే ఇంకొకళ్ళు వెళ్తారు. మాల్ ఆగుతుందా?"

నేను కంచం ముందు నుంచి లేవబోయాను. నాన్న చెయ్యెత్తి ఆపాడు. "ఎల్లనీయే. దాని సదువు, దాని ఇష్టం. పరదేశం పోతందా ఏటి, రోడ్డు దాటతంది."

నాన్న అంత తేలిగ్గా అన్నాడు కానీ కాంప్లెక్స్ వాళ్ళు తేలిగ్గా తీసుకోలేదు. గాజు సామాను భయ్యా మా కొట్టు మెట్టు మీద కూర్చుని, "మీ ఇంటి పిల్లే అటు పోతే మేం ఎవరితో చెప్పుకోవాలి, భాయ్‌సాబ్?" అని అడిగాడు. అందులో కోపం కన్నా దిగులే ఎక్కువ. నాన్న టీ తెప్పించి గ్లాసు అతని చేతికిచ్చాడు. చెల్లి నల్ల ప్యాంటు, మెరూన్ చొక్కా వేసుకుని పొద్దున్నే మాతోపాటు స్కూటర్ మీద వచ్చేది. స్కూటర్ ఆగగానే తను అటు, మేం ఇటు. మూడు నెలలో, నాలుగో, దానితో పొడిపొడిగానే మాట్లాడాను.

ఆ ఏడు దుర్గా పూజ రోజుల్లో కొట్టు వెలవెలపోయింది. మాకోసం ఓడలో వచ్చిన కొత్త చీరల బేళ్ళు సగం విప్పనేలేదు. అన్నిటికన్నా ఇబ్బంది పాత ఖాతాదారుల ముఖాలు చూడటం. మాల్ నుంచి పెద్ద సంచులతో బయటికొచ్చి, మేం కనబడగానే తలతిప్పుకునేవారు. ఒక తెలుగు టీచరమ్మ, ఏళ్ళ తరబడి మా దగ్గరే కొన్న మనిషి, సంచీని చీర కుచ్చిళ్ళ చాటున పెట్టుకుని మరీ మా కొట్టెక్కింది. ఏదో ఒకటి కొనకుండా వెళ్ళలేక ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ఒకటి అడిగింది.

"ఆకుపచ్చ మీకుంది టీచరమ్మా, పోయినేడు నేనే ఇచ్చాను," అన్నాడు నాన్న. "ఎండన పడొచ్చినారు, కూకోండి. మంచినీల్లు తాగి ఎల్దురు గానీ. కొత్త షాపు అందరూ సూడాల్సిందే, తప్పేటి?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ సంచీలోంచి మనవరాలికి కొన్న గౌను తీసి చూపించింది కూడా. నాన్న గుడ్డ పట్టుకుని చూసి బాగుందన్నాడు. నిజంగానే బాగుంది.

ఎండలు ముదిరేసరికి గాజు సామాను భయ్యా కొట్టు ఖాళీ చేశాడు. ఫెరార్గంజ్‌లో బావమరిది జాగాలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. కప్పులు, సాసర్లు గడ్డిలో చుడుతుంటే నేనూ దీదీ సాయం చేశాం. పై అంతస్తులో ఒకటొకటిగా షట్టర్లు దిగిపోయాయి. మేం మా రెండో షట్టరు వదులుకున్నాం. అల్మారాలు మోసుకుపోతున్నప్పుడు నాన్న వెళ్ళి దీదీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు, అంతే. చీరల అమ్మకం పడిపోతే ఫాల్ పని కూడా పడిపోయింది. ఆవిడ మిషన్ ముందు ఊరికే కూర్చుని బియ్యం ఏరుకునేది.

ఒక మధ్యాహ్నం మాల్ సంచీ పట్టుకున్న అమ్మాయి ఒకతె వెతుక్కుంటూ మా మెట్ల దగ్గరికొచ్చింది. కుర్తీ చేతులు పొడుగైపోయాయట, పక్కలు వదులట. "ఎదురుగా మెరూన్ చొక్కా వేసుకున్న అక్క చెప్పింది, ఇక్కడ బాగుచేస్తారని." దీదీ కొలత తీసుకుని అప్పటికప్పుడు కుట్టిచ్చింది. సాయంత్రానికి ఇంకో ఇద్దరొచ్చారు.

ఆ రోజు స్కూటర్ దగ్గర చెల్లిని నేనే పలకరించాను. "నువ్వేనా పంపింది?"

"కొలతలన్నీ ఎవరికో కుట్టినట్టుంటాయక్కా, మనవాళ్ళకి సరిపోవు. వాపస్ ఇస్తామంటారు. వాపస్ ఎందుకు, రోడ్డు దాటండి అన్నాను." స్కూటర్ ఎక్కబోతూ, "నీకు ఇంకా కోపమేనా?" అంది.

లేదన్నాను. అప్పటికి నిజంగానే లేదు.

తరవాతి ఏడాదికి మెట్ల కింద మూడు మిషన్లయ్యాయి. సిప్పీఘాట్ నుంచి దీదీ తన మరదల్నీ, పొలం పోయిన ఇంకొకావిడనీ తీసుకొచ్చింది. మాల్ సంచులతో ఆడవాళ్ళు మా వరండాలో బెంచీల మీద వరసగా కూర్చునేవారు. వాళ్ళకి లైనింగ్, జిప్పులు, హుక్కులు, ఎలాస్టిక్, లేసులు కావాలి. నేను అవి తెప్పించి పెట్టాను. నాన్నకి మొదట మనసొప్పలేదు. "పట్టుచీరల పక్కన లాస్టిక్కేటే?" అని విసుక్కున్నాడు. కానీ జిప్పు కోసం వచ్చిన మనిషి చీర వైపు చూడటం, నాన్న దాన్ని విప్పడం మొదలయ్యాక విసుగు తగ్గింది.

అప్పుడు మాల్ నుంచి మనిషి వచ్చాడు. ఫ్లోర్ మేనేజర్, కుర్రవాడు, మర్యాదస్తుడు. తమ మూడో అంతస్తులోనే ఆల్టరేషన్ కౌంటర్ పెడతామనీ, దీదీని వచ్చి చూసుకోమనీ అడిగాడు. దీదీ వెళ్తే వరండా మళ్ళీ ఖాళీ. పోవద్దని నోటిదాకా వచ్చింది. ఆవిడ మాత్రం మేనేజర్ని ఒక్కటే అడిగింది: "మూడో మంజిలా? పక్కాగా?"

అతను వెళ్ళాక నాన్నతో అంది. "బాబూజీ, ఇన్నేళ్ళు కింద కూర్చుని కుట్టాను. వాన పడినప్పుడల్లా నా కాళ్ళ వైపు చూసుకుంటా, నీళ్ళొచ్చాయా అని. అంత ఎత్తుకి రావు కదా?"

అమ్మ మేడంటే భయపడింది. ఈవిడ నేలంటే భయపడుతూ ఇన్నేళ్ళూ మా మెట్ల కింద కూర్చుందని మాకెవరికీ తెలియదు.

నాన్న వెంటనే చెప్పులేసుకున్నాడు. "పద, జాగా సూసొద్దాం," అన్నాడు. అంతవరకూ ఆయన ఆ మాల్‌లో అడుగుపెట్టలేదు. ముగ్గురం వెళ్ళాం. నడిచే మెట్ల ముందు దీదీ ఆగిపోతే చెయ్యిచ్చి ఎక్కించాడు, ఎలా ఎక్కాలో తనకే తెలియకపోయినా. కౌంటర్ జాగా కిటికీ పక్కన ఇమ్మనీ, ఫ్యాను పెట్టించమనీ మేనేజర్‌తో తన హిందీలో గట్టిగా మాట్లాడాడు. మేనేజర్ ఒప్పుకున్నాడు.

దిగి వస్తూ రెండో అంతస్తులో చెల్లి కనిపించింది. ఎవరికో కుర్తీలు చూపిస్తోంది. మమ్మల్ని చూసి నవ్వింది కానీ కదలలేదు. నాన్న దాని వెనకా ముందూ చూశాడు.

"పిల్లలు కూకోడానికి ఏదీ లేదేటి?" అని మాతోపాటు దిగిన మేనేజర్ని అడిగాడు.

"డ్యూటీలో కూర్చోకూడదు, అంకుల్. రూల్."

నాన్న జీవితమంతా కూర్చునే చీరలమ్మిన మనిషి. ఆ సాయంత్రం చెల్లి ఇంటికొచ్చేసరికి టబ్బులో వేన్నీళ్ళు పోసి, ఉప్పు వేసి, వాకిట్లో పెట్టి ఉంచాడు. అది కాళ్ళు పెట్టగానే కళ్ళు మూసుకుంది. మడమలు వాచి ఉన్నాయి. ఇన్నాళ్ళు ఒకే ఇంట్లో తిరుగుతూ అమ్మా నేనూ గమనించలేదు.

"మానెయ్యకూడదే?" అంది అమ్మ.

"నాకు బాగానే ఉందమ్మా, నిజంగా. కాళ్ళే," అంది చెల్లి.

దీదీ వెళ్ళింది. మరదలూ, ఆ ఇంకొకావిడా మా మెట్ల కింద ఉండిపోయారు. మాల్‌లో కొన్న బట్టలకి దీదీ, పెళ్ళి జాకెట్లకీ, లంగాలకీ మరదలు. పని రెండు చోట్లా సరిపోయింది, ఒక్కోసారి దీదీ తన దగ్గర ఎక్కువైన బట్టలు మూటకట్టి కిందికి పంపేది. మా కొట్టు ఒక్క షట్టరుతోనే నిలబడింది, కానీ నిలబడింది. మా కాంప్లెక్స్ పై అంతస్తులో ట్యూషన్లు పెట్టారు. సాయంత్రం పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తుంటే కొట్లోకి వినబడేవి.

కొన్నేళ్ళకి చెల్లి తన సెక్షన్‌కి ఇన్‌చార్జి అయింది. అయిన నెలలోనే మేనేజర్ వెంటపడి స్టూళ్ళు అడిగింది. రెండిచ్చారు. ఆరుగురు అమ్మాయిలు వంతులేసుకుని కూర్చుంటున్నారట. ఆ సంగతి చెప్పడానికి అది మధ్యాహ్నం భోజనం వేళ రోడ్డు దాటి మా కొట్లోకి పరిగెత్తుకొచ్చింది. నాన్న అప్పుడే ఎవరికో నేత చీర విప్పి చూపిస్తున్నాడు. బేరం పక్కనపెట్టి, "రెండేనా?" అన్నాడు.

"ఇంకా అడుగుతాను నాన్నా," అని నా టిఫిన్ డబ్బా తెరిచి, ఆ పరుపు మీదే కూర్చుని తినడం మొదలుపెట్టింది.