ప్రార్థనలో పెట్టొద్దన్న సంగతి

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా నేనొక తెలివితక్కువ పని చేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒకచోట కాలు నిలవదు. లేచి గిన్నెలు కడుగుతాను. కడిగినవే మళ్ళీ కడుగుతాను.

అప్పుడు మేం పాల్వంచలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా ఆయన ప్లాంటులో ఆపరేటరు, వారం వారం షిఫ్టు మారేది. నేను భద్రాచలం దాటాక దుమ్ముగూడెం రోడ్డు మీద ఒక ఆరోగ్య సబ్ సెంటర్లో ఏఎన్ఎం నర్సుని. పొద్దున్నే బస్సెక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడేది. ఈలోగా పిల్ల తిన్నదా, బడి నుంచి నేరుగా ఇంటికే వచ్చిందా అని బస్సు కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు కొరుక్కునేదాన్ని. సెల్‌ఫోను కొన్నాం గానీ గోదావరి వంతెన దాటి అడవిలోకి పోయాక దాంట్లో టైం చూసుకోవడం తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. ప్లైవుడ్ అరలు, అరకొక పరదా. ప్రాజెక్టు వర్కు ఉందని మా అమ్మాయి వారానికి రెండుసార్లు వెళ్ళేది. పిల్ల కంప్యూటర్ నేర్చుకుంటోందని మేం పొంగిపోయాం. పదో క్లాసుకొచ్చినా రోడ్డు దాటేటప్పుడు దాని చెయ్యి వదలని నేను, ఆ పరదా వెనక ఏం జరుగుతోందో ఒక్కసారైనా తొంగి చూడలేదు.

క్రిస్మస్ వెళ్ళాక ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని, తనంతట తానే చెప్పింది.

"అమ్మా, నెట్ల ఒకాయన పరిచయమైండు. మంచిగ మాట్లాడుతుండె. ఫోటో అడిగితే క్రిస్మస్ ప్రోగ్రాంల దిగింది పంపిన. ఇప్పుడు ఇంకోటి పంపు, లేకుంటే మన ముచ్చట్లన్ని మీ నాన్నకు చూపిస్త అంటుండు."

"ఎవరాయన?"

"తెల్వదు. ఇంజనీరింగ్ చదువుతున్న అన్నడు."

"ఆ ఫోటోల ఏముంది బిడ్డా?"

"ఏం లేదమ్మా. దేవదూత వేషం."

థర్మోకోల్ రెక్కలు నేనే అంటించాను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. అయినా ఆ పూట బాగానే ప్రవర్తించాను, ఆ మాత్రం నన్ను నేను మెచ్చుకోవాలి. అరవలేదు. నాతో చెప్పి మంచిపని చేశావన్నాను. ఇక ఆ సెంటర్‌కు వెళ్ళొద్దన్నాను.

"ఎవరికి చెప్పవు గదా?" అని అడిగింది.

"నేనెవరికి చెప్త బిడ్డా."

ఆ మాట మూడు రోజులు నిలిచింది.

మా కాలనీలో బుధవారం సాయంత్రం స్త్రీల కూడిక జరిగేది. చాపలు పరిచి కూర్చునేవాళ్ళం. పాటలయ్యాక పాస్టరమ్మ పొడుగు నోటు పుస్తకం తెరిచి, ప్రార్థన మనవులుంటే చెప్పమనేది. ఒకరికి బీపీ, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి ట్రాన్స్‌ఫర్. ఎవరి బాధ వాళ్ళు చెప్పేవాళ్ళు, ఆమె రాసుకునేది, అందరం దాని కోసం మోకరించేవాళ్ళం. నా వంతు వచ్చింది. మూడు రోజులుగా నిద్ర లేదు. మా ఆయనతో చెబితే పిల్లను కొడతాడని భయం. గొంతు దాకా నిండిపోయి ఉన్నాను. నోరు తెరిచేశాను.

"ఒక సహోదరి బిడ్డ ఇంటర్నెట్ల ఎవరో తెల్వని మనిషికి చిక్కింది. ఫోటో పెట్టుకుని బెదిరిస్తుండు. ప్రార్థన చెయ్యండి."

పేరు చెప్పలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ చాపల మీద కూర్చున్న వాళ్ళలో ఎదిగిన ఆడపిల్ల ఉన్నది నాకొక్కదానికే. పైగా చెబుతూ చెబుతూ ఏడ్చాను.

నా ఉద్యోగమే ఇలాంటి సంగతులు కడుపులో దాచుకోవడం. పల్లెల్లో ఆడవాళ్ళు మొగుడికి చెప్పనివి కూడా నాతో చెప్పేవాళ్ళు. ఒక గుడిసెలో విన్నది పక్క గుడిసెలో ఎన్నడూ అనలేదు. అందుకే గుట్ట మీద పల్లె నుంచి కూడా నా దగ్గరికి నడిచి వచ్చేవాళ్ళు. అంత నోరు కట్టుకున్నదాన్ని, కన్నకూతురి సంగతి చాప మీద పరిచేశాను. దేవుడితో చెబుతున్నాననుకున్నాను గానీ, దేవుడి ముందు ఇంకో పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు.

వాళ్ళలో ఎవరినీ తప్పు పట్టను. చాడీలు చెప్పే మనుషులు కారు. ప్రార్థన చెయ్యమని భర్తలతో చెప్పుకున్నారు, అంతే. శుక్రవారం షిఫ్టు బస్సులో ఒకాయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, అందరూ వింటుండగా, "అన్నా, మీ పాప కోసం మేం ఇంటిల్లిపాది ఉపవాసం ఉంటున్నం" అన్నాడట. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా బస్సంతా చెప్పింది.

ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా దాన్ని కొట్టాడు. నేను అడ్డం పోయాను. అది ఏడవలేదు. ఆయన వైపు చూడను కూడా లేదు. నన్నే చూసింది.

ఆ తర్వాత నెలన్నర మా ఇంట్లో అంత బుద్ధిమంతురాలు లేదు. బడి ఎట్లుందంటే మంచిగుందనేది. ఏమన్నా ఉందా అంటే ఏం లేదనేది. ఆ 'ఏం లేదు' వింటే నాకు ఒళ్ళు మండేది, భయమూ వేసేది. అది స్నానానికి వెళితే బ్యాగు వెతికేదాన్ని. మర్నాడు చూస్తే పుస్తకాలన్నీ పొందిగ్గా సర్ది ఉండేవి, వెతుక్కో అన్నట్టు. సబ్ సెంటర్లో పసిపిల్లలకు సూది వేస్తూ కూడా నా బుర్ర పాల్వంచ బస్టాండులోనే తిరిగేది. రెండుసార్లు లేని జ్వరం చెప్పి మధ్యాహ్నమే తిరిగొచ్చాను. రెండుసార్లూ అది ఇంట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఎందుకొచ్చావని కూడా అడగలేదు.

అలా ఉండగా ఒక సోమవారం వాళ్ళ కంప్యూటర్ టీచరు ఇంటికి వచ్చింది. ఏన్కూరు వైపు అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పాప నాకు చెప్పింది మేడం. ఆ మనిషి ఇడుస్తలేడు, బడి కంప్యూటర్ల చూస్తే ఇంకా రాస్తనే ఉన్నడు. ఈ శనివారం ఒక్కదాన్నే భద్రాచలం బస్టాండుకు రమ్మన్నడంట. రాకుంటే ప్లాంట్ గేటు కాడ అందరి ముందట వాళ్ళ నాన్నకు చూపిస్తడంట. సార్ షిఫ్టు టైములు గూడ వానికి తెలుసు. మాటల్ల మాటల్ల పాపనే చెప్పింది."

ఆమెకు వేసిన కుర్చీలో నేనే కూర్చున్నాను. ఆమె మాత్రం నిదానంగా చెప్పుకుపోయింది. వాడు రాసినవేవీ తుడిపేయొద్దని పిల్లకు చెప్పిందట, అన్నీ ప్రింట్లు తీసి హెడ్ మేడంకు ఇచ్చిందట.

"పోనని మాత్రం అంటలేదు మేడం. అడిగితే తల దించుకుంటది. ఇంకేదో ఉంది, నాకు చెప్తలేదు. మీకే చెప్పాలె."

"నాకు చెప్పదు" అన్నాను.

టీచరు గొంతు తగ్గించింది. "మీకు చెప్పొచ్చా అని పాపను అడిగిన. 'చెప్పండి టీచర్, ప్రార్థనల మాత్రం పెట్టొద్దని చెప్పండి' అన్నది."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఊరించి చెప్పే ఓపిక నాకు లేదు, జరిగింది చెప్పేస్తాను. ఆ శనివారం మా అమ్మాయి వెళ్ళలేదు. కాగితాలు పోలీసుల దగ్గరికి వెళ్ళాయి. మా ఆయన, హెడ్ మేడం కలిసి వెళ్ళి నెట్ సెంటర్లో పరదాలు తీయించారు. బడిలో తల్లులను పిలిచి మీటింగు పెట్టారు, అందులో నేనూ మాట్లాడాను. ఆ మనిషి ఎవరో మాకు నేటికీ తెలియదు. వాడు అసలు కుర్రాడో, నా వయసువాడో కూడా తెలియదు. అది వేరే బాధ. ఇక్కడ చెప్పాల్సింది శనివారానికి ముందొచ్చిన బుధవారం గురించి.

ఆ సాయంత్రం కూడికకు మా అమ్మాయి కూడా నా వెంట వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. పిలవకుండానే వచ్చింది. పాస్టరమ్మ పుస్తకం తెరిచి నా వైపు తిరిగింది.

"అమ్మా, పాప సంగతి ఎంతవరకొచ్చింది? మనవి ఏమన్న ఉందా?"

అందరూ నన్నే చూస్తున్నారు, ప్రేమగానే. సోమవారం నుంచీ ముద్ద దిగడం లేదు. ఒక్కసారి బయటపడి ఏడిస్తే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

"మోకాళ్ళు నొస్తున్నయి అక్కా" అన్నాను.

ఆమె రాసుకుంది. పద్నాలుగు మందీ నా మోకాళ్ళ కోసం చాలాసేపు ప్రార్థించారు. నేనూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను.

ఇంటికి వచ్చే దారిలో అది నా పక్కనే నడిచింది. క్వార్టర్ తలుపు తాళం తీస్తుంటే అడిగింది.

"నీ మోకాళ్ళు నిజంగనే నొస్తున్నయా?"

"లేదు."

"మరి ప్రార్థనల అబద్ధం చెప్పినవా?"

"అవ్, చెప్పిన."

లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మొదలుపెట్టింది. నేను నిలబడే ఉన్నాను.

"శనివారం వస్త అని వానికి మాటిచ్చిన. కాళ్ళు పట్టుకునైనా ఫోటో అడిగి తీసుకుందామనుకున్న. నాన్న మళ్ళ షిఫ్టు బస్సుల తల దించుకోవద్దని."

నా నోటి నిండా మాటలున్నాయి. అన్నీ మింగి దాని పక్కన కూర్చున్నాను.

"చెప్పు బిడ్డా" అన్నాను. "అంతా చెప్పు."