వేరుపడిన బావ

నెల్లిమర్లలో ఉండే మా బావ ఏ గొడవ వచ్చినా చొక్కా చేతులు మడుచుకుంటూ "ఏటైపోతాదిరా?" అనేవాడు. తెలుగులో తప్పులు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను బావా, నేనూ, ఇంకొందరం కలిసి రాశాం. మా జిల్లా మాటలన్నీ అందులో ఒప్పులే. స్కూళ్లవాళ్లు వాటిని తీసెయ్యమంటే మేం ఒప్పుకోలేదు. బావ మాత్రం సాఫ్ట్‌వేర్ కోడ్ అంతా కాపీ చేసుకుని వేరుపడ్డాడు. ఎవరైనా తీసుకోవచ్చని రాసిపెట్టింది మేమే. నా కోపం అందుకు కాదు. అతని కాపీలో "సూడు" అని కొడితే కింద ఎర్రగీత పడింది.

వాళ్లింటికెళ్లి అడిగాను. "మీ అమ్మ మాటాడిందంతా తప్పేటి బావా?"

"పదిమందీ వాడాలంటే తప్పదురా. ఏటైపోతాది?"

అత్త పిలుస్తున్నా అన్నం తినకుండా వచ్చేశాను.

ఇప్పుడు స్కూళ్లన్నిటా అతనిదే నడుస్తోంది. మొన్న మా అమ్మ "ఆకలిగా ఉన్నాదా?" అని అడిగితే, మా పాప "ఉన్నాది కాదు నానమ్మా, ఉంది. సరిగ్గా మాట్లాడు" అంది. అమ్మ సిగ్గుపడిపోయి, "ఆకలిగా ఉందా?" అని దిద్దుకుని మళ్లీ అడిగింది.