వెనక పట్టీ

ఆ శనివారం ఉదయం ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక ఆంటీ చీరకు బదులు ఛాతీకి ఇనుప కవచం తొడుక్కుంటున్నారు. పాతకాలపు యుద్ధాలను వేషాలతో ఆడి చూపించే బృందాలు ఇక్కడ ఉంటాయని చదివాను. అందులో మనవాళ్ళుంటారని ఊహించలేదు. బిడియంతో పుస్తకంలోకి తల దించుకున్నాను. ఆవిడ అట్ట మీది తెలుగక్షరాలు చూశారు.

"అమ్మాయ్, అది పక్కన పెట్టి ఈ వెనక పట్టీ కాస్త బిగించు తల్లీ. దిగీదిగగానే కవాతు."

ఆవిడకు నొప్పెడుతుందేమోనని తోలు పట్టీ మెల్లగా లాగాను.

"గట్టిగా లాగమ్మా! నర్సుని, నొప్పికి భయపడతానా?"

"ఇంట్లోనే వేసుకుని రావచ్చు కదా ఆంటీ?" అన్నాను. షాపులో చెప్పిన థాంక్యూలు తప్ప, ఆ వారంలో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఫ్లాట్‌లో ఒక్కదాన్నే. ఇది ఒంటరిగా తొడుక్కునేది కాదు, ఎవరో ఒకరు వెనక నిలబడాల్సిందే. అందుకేగా ఇందులో చేరింది!"

ఆవిడ రైలు వచ్చేసింది.

మర్నాడు చర్చికి వీపు మీద జిప్ ఉన్న గౌను వేసుకున్నాను. ఎప్పుడూ జిప్‌కి దారం కట్టి నేనే పైకి లాక్కుంటాను. ఆ రోజు దారం కట్టకుండా, ఎనిమిది నెలలుగా పేరైనా తెలియని ఎదురు ఫ్లాట్ ఆవిడ తలుపు తట్టాను.