మావయ్య కంటపడని వైరు

పెద్దమావయ్య పోయారు. మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవారు మళ్ళీ లేవలేదు. బరంపురం నుంచి ఆయన కూతురు, మా వదిన, ఫోన్ చేసింది. "నాన్న లేవట్లేదే" అంది. ఆ తరవాత ఏడుపే తప్ప మాట లేదు.

ఆయన మా అమ్మకి అన్న. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఒడియా ఇరుగుపొరుగు 'బిజులీబాబు', అంటే కరెంటుబాబు, అని పిలిచేవారు. బరంపురంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ మన తెలుగువాళ్ళు ఎవరు ఇల్లు కొన్నా, కట్టుకున్నా, గృహప్రవేశానికి ముందు ఆయన్ని తీసుకెళ్ళి చూపించుకునేవారు. ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకే నడిచేవారు. ఆడవాళ్ళు తడిచేతుల్తో తిరిగే చోటు ముందు చూడాలనేవారు. స్విచ్చిబోర్డు దగ్గర మాట్లాడకుండా నిలబడి, చెవొగ్గి వినేవారు. వాసన చూసేవారు. మేం పిల్లలం నవ్వుకునేవాళ్ళం.

మావారికి బరంపురం దగ్గరి కొడలకి బదిలీ అయినప్పుడు అక్కడ ఒక పాత ఇల్లు బేరం చేశాం. మావయ్య వచ్చి ఇల్లంతా చూశారు. రెండు ప్లగ్గులు మార్పించారు. మెయిన్ స్విచ్ దగ్గరకి నన్నూ, మా అత్తగారినీ పిలిచి, ఏదైనా అయితే ముందు ఇది దింపాలని, ఆ తరవాతే మనిషిని ముట్టుకోవాలని చెప్పారు. మా ఇద్దరి చేతా దింపించి, ఎత్తించారు. "ఇంక బెంగలేదు, పాలు పొంగించుకోండి" అని వెళ్ళారు.

పెరట్లో నూతి మోటారుకి వెళ్ళే వైరు ఒకటుంది. చూరు కిందనుంచి పోయి ఒక ఇనప కొక్కేనికి ఆనుకుని ఉండేది. గాలికి రాసుకుని రాసుకుని అక్కడ దాని తొడుగు అరిగిపోయింది. ఆ కొక్కేనికే పాతవాళ్ళు బట్టలారేసే ఇనపతీగ కట్టుకున్నారు. అదంతా ఆనపపాదు కింద ఉండిపోయింది. మావయ్య పాదుని పక్కకి తప్పించి చూడలేదు.

తొలకరి జల్లు పడుతోంటే అత్తగారు బట్టలు తియ్యడానికి పెరట్లోకి పరిగెత్తారు. కేక విని వెళ్ళేసరికి తీగ పట్టుకుని కొంకర్లు పోతున్నారు. ఆవిణ్ణి పట్టుకోబోయి, మావయ్య మాట గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తి మెయిన్ దింపాను. ఆవిడ కింద పడిపోయారు. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు మాత్రం కాలి ముడుచుకుపోయి మళ్ళీ విచ్చుకోలేదు.

కబురు తెలిసి మావయ్య మొదటి బస్సుకే వచ్చారు. ఆస్పత్రికి రాకుండా ముందు పెరట్లోకి వెళ్ళి, పాదు పీకి, ఆ కొక్కెం ముందు చాలాసేపు నిలబడ్డారట. ఆయన ఆస్పత్రికి వచ్చేసరికి మావారు ఇల్లు అమ్మినవాణ్ణి తిడుతున్నారు. మావయ్య ఆయన్ని ఆపారు.

"ఆడ్ని అనకండి బాబూ. సూడ్డానికి వొచ్చినోణ్ణి నేను. నేను సూళ్ళేదు."

వార్డులో ఉన్న మా చుట్టాలందరి ముందూ ఆ మాటే చెప్పారు. ఆయన నేర్పిన మాట వల్లే అత్తగారు బతికారని నేనంటే, తల అడ్డంగా ఊపారు. మర్నాడు తనే నిచ్చెనెక్కి ఆ వైరు మార్చారు, ఇనపతీగ తీసేసి నైలాను తాడు కట్టారు.

ఆ తరవాత తను అంతవరకూ చూసి బాగుందన్న ఇళ్ళన్నిటికీ మళ్ళీ తిరిగారు. బరంపురం, హుమ్మ, పొడంపేట. మా వియ్యాలవారింట్లో ఒకటి వొదిలేశాను, మీ ఇంట్లోనూ వొదిలుంటానేమో, మళ్ళీ సూడనివ్వండి అని అడిగేవారట. కొందరు సరే అన్నారు. కొందరు మొహం మీదే విసుక్కున్నారు. కొత్తగా ఇళ్ళు కొన్నవాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. పొడంపేటలో ఒక జాలరి ఇంట ఉప్పుగాలికి వైరు తొడుగు పాడైపోయి, ఇంటి కప్పు రేకులకి తగలబోతూ కనబడింది. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అది సరిచేసి వచ్చాక మా ఇంటి అరుగు మీద కూర్చుని, "అక్కడ సూసినట్టు ఇక్కడ సూసుంటే, అమ్మడూ" అన్నారు.

అత్తగారి ఎదట మాత్రం పడేవారు కాదు. వచ్చినా వీధి అరుగు మీదే కూర్చుని వెళ్ళిపోయేవారు. ఒకరోజు ఆవిడే గుమ్మంలోకి వచ్చి అన్నారు: "అన్నయ్యగారూ, నా సెయ్యి కాలింది గాని నోరు కాల్లేదు. నాతో మాటాడరేటండి?"

మావయ్య అరుగు మీదే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆవేళ ఆవిడ ఎడంచేత్తోనే గరిట పట్టుకుని వడ్డించారు. ఆయన తలెత్తకుండా తిన్నారు. ఆ తరవాత పండగకీ పబ్బానికీ వచ్చి ఆవిడతో మాట్లాడేవారు, నవ్వేవారు కూడా. వెళ్ళేముందు మాత్రం ఎప్పుడూ పెరట్లోకి ఒకసారి వెళ్ళి వచ్చేవారు.

మొన్న అత్తగారు తనూ వస్తానని పట్టుబట్టి మాతో బరంపురం వచ్చారు. మావయ్యని తీసుకెళ్ళిపోయాక ఆడవాళ్ళం ఇల్లు కడుక్కుని ముందుగదిలో కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. లోపలి గదిలోంచి వదిన మనవరాలు, నాలుగేళ్ళది, రోజూ అలవాటైన గొంతుతో గట్టిగా పిలిచింది.

"తాతా, కరెంటు పోయింది."

జవాబు కోసం అది కాసేపు ఆగింది. మళ్ళీ పిలిచింది.