బరువు పెట్టి బిగించినవాడు

గోడమీద ఫోటో చూపించి తాతయ్య ఏం చేసేవాడని అడుగుతారు. ఏం చేసేవాడు, కుర్చీలో కూర్చుని పేపరు చదివేవాడు. ఆ పేపరు చదివే మనిషికి అన్నం ఎక్కణ్ణుంచి వచ్చేదో ఒక్కరైనా అడిగారా? నలుగురు మనవలున్నారు, ఫోన్లో లోకం సంగతులన్నీ తవ్వుతారు, చిన్నతాత ఊసు మాత్రం ఒక్క నోటా రాదు. ఆ ఫోను కింద పెట్టి కూర్చోండి.

మీ తాత తమ్ముడు, అంటే నాకు మరిది. మన కార్ల రిపేరు షెడ్డులో అందరూ గోతిమేస్త్రి అనేవాళ్లు. షెడ్డు మధ్యలో మనిషి నిలబడేంత సిమెంటు గొయ్యి ఉండేది. కారుని దానిమీదికి తెచ్చి ఆపితే ఆయన మెట్లు దిగి కిందనుంచి పని చేసేవాడు. పొద్దున దిగితే సాయంత్రందాకా ఆయన నెత్తి కనపడితే గొప్ప. పిల్లనిస్తామని వచ్చినవాళ్లు గంటసేపు కూర్చుని, ఈయన పైకి రాకపోయేసరికి లేచి వెళ్లిపోయారు. ఆ పిల్ల అదృష్టవంతురాలు.

ఆయన అసలు పని కింది బోల్టులు. చక్రాన్ని కారుకి పట్టి ఉంచే ఇనపచేతులుంటాయి, వాటి కీళ్లలో రబ్బరు, రబ్బరు మధ్యలోంచి బోల్టు. పాత కారు అయితే ఏది బోల్టో ఏది బురదో తెలియదు. ఇనపబ్రష్షు పెట్టి తోమేవాడు. నేను గిన్నెలు కూడా అంత శ్రద్ధగా తోమలేదు. వదులైన బోల్టు కదిలి కదిలి చుట్టూ ఎర్రపొడి రాలుస్తుందట, అది చూసి పట్టేసేవాడు. ఆఖరి బిగింపు మాత్రం కారులో మనుషులు కూర్చున్నాకే. ఎవరూ దొరక్కపోతే, క్యారేజీ పట్టుకెళ్లిన నన్ను ముందుసీట్లో కూర్చోమనేవాడు. ఈ ఇంట్లో నా ఒంటికి విలువిచ్చింది ఆయనొక్కడే.

తర్వాత షెడ్డు మీ నాన్న చేతికొచ్చింది. చదువుకున్నవాడు కదా, లిఫ్టు తెచ్చాడు. మీట నొక్కితే కారు గాల్లోకి లేస్తుంది, నాలుగు చక్రాలూ ఉరేసినట్టు వేలాడతాయి. ఇంక గొయ్యెందుకు, పూడ్చేద్దాం, బాబాయ్ ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్లని పలకరిస్తాడు అన్నాడు. ముప్పైయేళ్లు ఎవర్నీ పలకరించని మనిషికి ఎంత చక్కటి ఉద్యోగమో చూడండి. లారీ మట్టి కూడా తోలించాడు. రెండ్రోజులు మరిది క్యారేజీ సగం వెనక్కొచ్చింది. గొయ్యితోపాటు ఆయన్నీ పూడుస్తున్నారని నాకు అర్థమైంది, మీ నాన్నకి కాలేదు.

ఆ వారమే టీచరమ్మ పాత కారు వచ్చింది. గతుకు తగిలితే ముందువైపు టక్కుమంటోంది. మీ నాన్న లిఫ్టెక్కించి, పొడుగు పానా పట్టుకుని, కంటికి కనపడ్డ బోల్టునల్లా బిగించేశాడు. రెండ్రోజులకి మళ్లీ వచ్చింది. మళ్లీ బిగించాడు. మూడోసారికి టక్కుతోపాటు కిర్రు కూడా మొదలైంది. కారు ముసలిదైపోయింది, వదిలించుకోండి మేడమ్ అని సలహా చెప్పాడు. ఆవిడ ముందుగదిలో చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్న మరిది వైపు తిరిగింది.

"మేస్త్రిగారూ, మీరోసారి చూడరా?"

"నాకిప్పుడు పలకరించే పనమ్మా," అన్నాడు. "బాగున్నారా?"

క్యారేజీ తెచ్చిన నేను నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మీ నాన్న మొహం మాడింది. సరే చూడు బాబాయ్, నీవల్లా కాకపోతే రేపే మట్టి పోయిస్తానన్నాడు.

మరిది గోతిలోకి దిగాడు. షెడ్డు కుర్రాళ్లిద్దరిని కారు ముందుభాగం నొక్కి వదలమని, ఒక్కో కీలుమీదా వేలు ఆనించాడు. చప్పుడు ఎడమవైపు కదా అన్నాడు మీ నాన్న. చప్పుడు ఇనుములో నడిచి ఎక్కడైనా తేలుతుందన్నాడు మరిది. దొరికింది కుడివైపున, మట్టిపెళ్ల కింద. మీ నాన్న దాన్ని బోల్టని కూడా అనుకోలేదు. చుట్టూ ఎర్రపొడి. చిరిగిన రబ్బరొకటి తీసి కొత్తది వేశాడు. అక్కడితో ఆగకుండా మీ నాన్న బిగించినవన్నీ వదులు చేయడం మొదలుపెట్టాడు.

"బిగించమంటే విప్పుతావేంటి బాబాయ్?"

"చక్రాలు వేలాడుతుంటే బిగించావురా. నేలమీదికి దించగానే రబ్బరు మెలిపడింది. నీ మెడ పక్కకి తిప్పి కట్టేసి తిన్నగా చూడమంటే చూస్తావా? నోర్మూసుకుని వెనకసీట్లో కూర్చో."

టీచరమ్మ స్టీరింగు దగ్గర, పక్కన నేను, వెనక మీ నాన్న. పాతికేళ్లు చదివించినందుకు ఆ పూట బరువుగానైనా పనికొచ్చాడు. కింద పానా ఒక్కో బోల్టు దగ్గరా ఆగి, నెమ్మదిగా లాగి, మళ్లీ ఆగింది. బిగించిన ప్రతిదానిమీదా తెల్లరంగుతో గీత గీశాడు. గీత తప్పితే బోల్టు తిరిగినట్టు.

మమ్మల్ని దింపకుండానే టీచరమ్మ కారుని వీధి చివర గతుకులమీద నడిపింది. టక్కు లేదు, కిర్రు లేదు. వెనక్కి తిరిగి చూశాను. మీ నాన్న కిటికీలోంచి చాలా శ్రద్ధగా బయటికి చూస్తున్నాడు.

తప్పయిందని అనలేదు లెండి, అంత బరువైన మాటకి మన వంశంలో ఎవరికీ నోరు తిరగదు. మర్నాడు లారీ వచ్చి మట్టి ఎత్తుకెళ్లింది. అప్పణ్ణుంచి విప్పడం లిఫ్టుమీద, బిగించడం గోతిమీద. మోకాళ్లు మెట్లు దిగనివ్వని రోజు వచ్చేదాకా మరిది పని మానలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఉన్నాడు. పోయేనాటికి అరవై తొమ్మిదేళ్లు.